కరెంటు పసుపు

“అత్తా, పెంచలయ్య తాంటలం తెచ్చినాడు! పారిజాతానికి చెప్పు!”

ఫోనులో చెంగల్రాయుడు పెట్టిన ఈ కేక గూడూరు రైల్వేగేటు అవతల కూడా వినిపించి ఉంటుంది. వినాల్సిన ఆదెమ్మకు మాత్రం సగమే వినిపించింది. ఆమె కుడిచెవి పదవీ విరమణ చేసి చాలాకాలమైంది. ఎడమచెవి పార్ట్‌టైము. ఆ పార్ట్‌టైము చెవిలో పడి తాంటలం కాస్తా తాంబూలమై కూర్చుంది.

“ఒమేయ్, విన్నారా! మా అల్లుడి ల్యాబులో చేసే పెంచలయ్యకి సంబంధం కుదిరిందంట! తాంబూలాలు తెచ్చినాడంట!”

పెంచలయ్యకు నలభై దాటాయి. అతను సంబంధాలు చూస్తూనే ఉన్నాడు. సంబంధాలే అతణ్ణి చూసీ చూడనట్టు పోతున్నాయి. అలాంటివాడికి కుదిరిందంటే వీధి ఊరుకుంటుందా? అతను మోటారుసైకిలు దిగేసరికి వాకిట్లో ఆడవాళ్లు హారతి పళ్లెంతో సిద్ధం.

“పిల్లది ఏ ఊరు పెంచలయ్యా?”

“ఏ పిల్లక్కా? నాకు తెలవకుండా నాకు పెళ్లెట్ట కుదిరింది?”

లోపలినుంచి పారిజాతం నవ్వుతూ వచ్చి తల్లి ఎడమచెవి దగ్గర నోరు పెట్టింది. “తాంబూలం గాదు, తాంటలం. అది లోహం, అమ్మా!”

“లోహమ్మా? పేరు బాగుండాదే. ఎవురి పిల్ల?”

వీధి విరగబడి నవ్వింది. అందరికన్నా ఎక్కువ పారిజాతమే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ద్వారబంధం పట్టుకుంది. అప్పుడే వచ్చిన చెంగల్రాయుడు ఆమె ఎడమచేతి బొటనవేలు తనంతట తాను అదరడం చూశాడు. చూసి, తనూ ఇంకా గట్టిగా నవ్వాడు. పెద్దగా నవ్వడం, ప్రతి మాటనూ మెలిపెట్టడం అతని జబ్బు. మూర్ఛ ఆమె జబ్బు. మందులు ఒక్కొక్కటే చేతులెత్తేశాయి. ఈసారి పెద్దగా వస్తే మనిషి దక్కడం కష్టమని డాక్టర్ జబీన్ చెప్పేసింది. పెంచలయ్య తెచ్చిన డబ్బాలోని లోహం అందుకే. అది పోవాల్సింది ఆ నవ్వే తలలోకి.

*

చెంగల్రాయుడి ల్యాబు ఒకప్పటి అభ్రకం గోడౌను. ఇప్పటికీ చీపురు వేస్తే దుమ్ముకు బదులు మెరుపులు లేస్తాయి. “మాది పరిశోధనశాల గాదు, పరిసోదెనశాల. చెప్పిందంతా జరుగుతాదని గ్యారంటీ లేదు” అని వచ్చినవాళ్లందరికీ అతను ముందే చెబుతాడు.

ఆ చుట్టుపక్కల గనుల్లో అభ్రకం వెనక దాక్కుని ఒక నల్లరాయి దొరుకుతుంది. దాన్ని అరగదీసి, కరగదీసి, విడదీస్తే రెండు లోహాలు బయటికొస్తాయి. తాంటలం, నియోబియం. అచ్చంగా కవలపిల్లలు. అదే బూడిదరంగు, అదే మెరుపు, ఆమ్లంలో ముంచినా అదే మొండితనం. పూర్వం పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే రెండూ ఒకటేనని పొరబడ్డారు. తేడా చూస్తే తెలిసేది కాదు, తూస్తే తెలిసేది. తాంటలం దాదాపు రెట్టింపు బరువు.

చెంగల్రాయుడు కనిపెట్టింది ఒక పూత. అభ్రకాన్ని ఆవిరి చేసి, కంటికి ఆనని పొరగా ఈ లోహాల మీద పట్టించాడు. పూత పడగానే కవలలు వేరుకాపురాలు పెట్టారు. తాంటలం పొంగుకొచ్చిన కరెంటును గుటకేసి, తర్వాత కొంచెం కొంచెంగా వదిలి ఖాళీ అయ్యేది. నియోబియం అలా కాదు. ఎముకలు కొరికే చలిలో తప్ప చెయ్యదనుకున్న పనిని ఒంటివేడిలోనే చేసి చూపించింది. మింగిన కరెంటును తనలో తిప్పుకుంటూనే ఉండేది, వదిలేది కాదు. ఒకటి లోహం, ఇంకొకటి లోభం అనేవాడు చెంగల్రాయుడు.

మూర్ఛ అంటే మెదడులో కరెంటు పొంగడమే కదా. ఆ పొంగును తాగేసే చిన్న కమ్మీని చెవి వెనక ఎముకలో దూరిస్తే? పసిపిల్ల కాలిమెట్టె అంత కమ్మీలు చేశారు. మెట్టెలనే పిలిచేవాళ్లు. ముందుగా పెరట్లో పారిజాతం పెంచుతున్న రెండు పెట్టలకు పెట్టారు.

“పెట్టలకి పెట్టేది మెట్టె. పెట్టకపోతే ఒట్టె” అన్నాడు చెంగల్రాయుడు.

“నీ కవిత్వానికే అవి గుడ్లు మానేసినాయి బావా” అంది పారిజాతం. అతను ఆమెకు మేనత్త కొడుకు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఏమండీ అనడం ఆమెకు రాలేదు.

గింజలు చల్లి, రెంటికీ చిన్న షాకు ఇచ్చారు. రెండూ గిలగిల్లాడాయి, రెండూ లేచాయి. తాంటలం పెట్ట రెక్కలు విదిలించుకుని, ఏమీ జరగనట్టు చెత్తకుప్ప వైపు పరుగుతీసింది. నియోబియం పెట్ట మాత్రం, షాకు తగిలినప్పుడు ముక్కు కింద ఉన్న గింజనే పొడిచింది. గింజ అయిపోయింది. ఖాళీ నేలను పొడిచింది. ఎత్తి బల్లమీద పెడితే బల్లను పొడిచింది. చేతుల్లోకి తీసుకుంటే గాలిని పొడిచింది. లోపల తిరుగుతున్న కరెంటులో ఆ ఒక్క క్షణమే చిక్కుకుని తిరుగుతోంది.

పారిజాతం మొదటిదానికి మరుపమ్మ అని, రెండోదానికి పట్టుదలమ్మ అని పేర్లు పెట్టి, పట్టుదలమ్మకు చేత్తోనే తినిపించింది. నాలుగు వారాలు చూసి, ఇక ఆ పొడుపు చూడలేక, “తీసెయ్యి బావా, పాపం” అంది. ఎముకలో దిగిన కమ్మీ కత్తిరిస్తే తప్ప రాదు. పెంచలయ్య కత్తిరించాడు. అన్నాళ్లుగా తిరుగుతున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. టప్పుమంది. పట్టుదలమ్మ ముక్కు నేలకానించి అలాగే ఉండిపోయింది.

ఆ రోజు చెంగల్రాయుడికి ఏ మాటా మెలితిరగలేదు.

“నాకు మరుపమ్మదే పెట్టు” అంది పారిజాతం చేతులు కడుక్కుంటూ. “మరిచిపోతే పోయింది. పట్టుదల మాత్రం వద్దు.”

అప్పటినుంచి ల్యాబులో ఒక కట్టడి. నియోబియం మెట్టెలు స్కానింగు యంత్రాల అయస్కాంతాలు చేసే కంపెనీకి పోతాయి. వాటిని కరెంటు తొట్టిలో ముంచి నీలం రంగు తెప్పిస్తారు. తాంటలం మెట్టెలు మనుషులకు. వాటిని బూడిదరంగులోనే ఉంచుతారు. కట్టడి చేసిందీ పారిజాతమే.

*

ఆయుధపూజ ముందురోజు ల్యాబంతా కడిగారు. కొలిమికి బొట్టు, డ్రిల్లింగ్ మిషనుకు బొట్టు, కంప్యూటరుకు బొట్టు. పెంచలయ్య పసుపు గిన్నె పట్టుకుని మెట్టెల దగ్గర ఆగిపోయాడు. పసుపు రాస్తే పూత మీద పడుతుంది, రాయకపోతే మనసొప్పదు.

“ఇంత సైన్సు చదివినారు, ఉపాయం తెలవదా?” అంది పారిజాతం. “తొట్టిలో నీలం వస్తాది గదా, పసుపు రాదా?”

వస్తుంది. కరెంటు తగ్గిస్తే నీలం బదులు బంగారు పసుపు వస్తుంది. రెండు లోహాలకూ వస్తుంది.

“కరెంటు పసుపు!” చెంగల్రాయుడు చప్పట్లు కొట్టాడు. “పారిజాతం, నువ్వు సరస్వతివా, సరసవతివా?”

“సార్, అన్నిటికీ పసుపైతే ఏది ఏదో ఎట్ట తెలస్తాది?” అన్నాడు పెంచలయ్య.

“వాడేటప్పుడు త్రాసు మీద పెడితే అదే చెప్తాది. పూజ అయినాక ఉద్వాసన చెప్పి, తూచి, మళ్లీ వేరు చేద్దాం. ఆపరేషను దశమి దాటినాక గదా” అన్నాడు చెంగల్రాయుడు.

మూడు తాంటలం, మూడు నియోబియం, ఆరు మెట్టెలూ ఇత్తడి పళ్లెంలో పచ్చగా మెరుస్తూ కూర్చున్నాయి. పారిజాతం వాటిని చూసి మురిసిపోయింది. తర్వాత చెంగల్రాయుడి చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది.

“బావా, నిరుడు ఉద్వాసన చెప్పకముందే నువ్వు స్క్రూడ్రైవరు ఎత్తినావు. ఆ సాయంత్రమే నాకు మొదటిసారి వచ్చింది.”

“పారిజాతం, దానికీ దీనికీ...”

“సంబంధం లేదు. నాకూ తెలుసు. నేను నమ్మను. నా తలకాయ నమ్ముతుండాదేమో! పూజలో పెట్టిన ఏ పనిముట్టునూ ఎల్లుండి పొద్దున ఉద్వాసన దాకా నువ్వు గానీ, నీ మనుషులు గానీ ముట్టుకోరని నా తలమీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి.”

అతను నవ్వాడు. ఒట్టి ఒట్టే కదా అన్నాడు. చెవి వెనక మెట్టె పెట్టబోయే చోట వేళ్లు ఆనించి ఒట్టేశాడు.

*

నవమి పొద్దున గుమ్మడికాయ కొట్టారు. మిల్లీగ్రాము తూచే త్రాసుకు గాజు పెట్టె మీద బంతిపూల దండ, నొసట గంధం, కుంకుమ. వీధి ఆడవాళ్లంతా వచ్చారు. పారిజాతం కింద కూర్చుని తమలపాకులు తడిగుడ్డతో ఒక్కొక్కటే తుడిచి, వక్క పెట్టి, చేతుల్లో పెడుతోంది.

“లోహమ్మ రాలేదా పెంచలయ్యా?” అని ఎవరో అన్నారు. మళ్లీ నవ్వులు.

“ఉండండమ్మా, నవ్వి పోబాకండి. తాంబూలం అందరికీ...” అంటూ పారిజాతం ఇంకో ఆకు తుడవబోయింది. ఆకు చేతిలోనే నలిగింది. మెడ పక్కకు తిరిగింది.

ఆ మూర్ఛ ఆగలేదు. కారులో ఆస్పత్రికి చేర్చినా, సూది వేసినా, ఇంకో సూది వేసినా ఆగలేదు. పెళ్లికూతుర్లా అలంకరించుకున్న మనిషి మంచం మీద చేపలా కొట్టుకుంటోంది. డాక్టర్ జబీన్ గ్లవ్స్ తొడుక్కుంటూ బయటికొచ్చింది.

“రాయుడుగారూ, దశమి దాటేదాకా ఆగలేం. నేను ఎముక తొలుస్తా, మీరు మెట్టె తెచ్చుకోండి. పోండి, తొందరగా!”

చెంగల్రాయుడూ పెంచలయ్యా ల్యాబులోకి ఉరికారు. పళ్లెంలో ఆరు మెట్టెలు. ఆరూ పసుపే. ఆరూ ముత్తయిదువల్లా ఒకేలా నవ్వుతున్నాయి.

తూచడానికి నాలుగు క్షణాలు చాలు. పెంచలయ్య త్రాసు గాజు తలుపు మీద చెయ్యి వేశాడు. దండ కదిలి నాలుగు బంతిరేకులు రాలాయి.

ఆ చెయ్యిని చెంగల్రాయుడు పట్టుకున్నాడు.

“ముట్టుకోబాక.”

“సార్!”

“ఒట్టేసినా. పనిముట్టు ఏదీ ముట్టుకోగూడదంది, నీ మనుషులు గానీ అంది. ఆమె తలమీద వేసినా.”

“సార్, మీరు ఇయ్యన్నీ నమ్మరు గదా!”

నమ్మడు. ఇన్నేళ్లలో ఒక్క రోజు నమ్మలేదు. కానీ ఆ తల ఇప్పుడు అక్కడ మంచానికేసి కొట్టుకుంటోంది. ఆ తలమీదే వేసిన ఒట్టును ఈ నిమిషాన తియ్యడానికి అతని చెయ్యి రాలేదు. నమ్మకం లేని మనిషికి భయం ఉండకూడదని ఎక్కడా రాసి లేదు. కంసాలి వీధికి పోదామన్నా ప్రతి కొట్లోనూ త్రాసు దండ వేసుకునే కూర్చుంటుంది. ఈ త్రాసు అతనికి త్రాచులా కనిపించింది.

“నా చెయ్యే త్రాసు” అన్నాడు. “మెట్టె పనిముట్టు గాదు, ముట్టొచ్చు. రెట్టింపు బరువు గదా, తెలవకుండా పోతాదా?”

మెట్టెలను ఒక్కొక్కటే అరచేతిలో వేసుకున్నాడు. చెయ్యి వణుకుతోంది. వణికే చేతికి అన్నీ బరువే, అన్నీ తేలికే. చివరిది వేసుకున్నప్పుడు మిగతావాటికన్నా దిగ్గున దిగినట్టనిపించింది. పొద్దున పారిజాతమే ఆరింటి పేరునా ఈ ఒక్కదాని బోలులో, పూతకు తగలకుండా, వేలితో అద్దిన గంధం ఎండి గడ్డకట్టి ఉంది. అది చెంగల్రాయుడి కంటికి కనిపించింది. మనసుకు కనిపించలేదు.

“ఇదే తాంటలం. పద.”

ఆస్పత్రిలో స్పిరిట్లో కడిగితే గంధం కరిగిపోయింది. కడిగినాక మళ్లీ చేతిలో వేసుకుని చూడాలని అతనికి తోచలేదు. డాక్టర్ జబీన్ చెయ్యి చాచింది, అతను ఇచ్చేశాడు.

*

మూర్ఛ ఆగింది.

మెట్టె ఎముకలో కూర్చున్న మరుక్షణం, ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. డాక్టరమ్మ మాస్కు తీసి గోడకానుకుంది. పెంచలయ్య వరండాలో కూర్చుని భోరుమన్నాడు. పొద్దు వాలే వేళకు పారిజాతం కళ్లు తెరిచింది.

“తాంబూలం అందరికీ అందిందా?” అంది.

ఆస్పత్రి గొల్లుమంది. ఆదెమ్మ కూతురి మొహమంతా నిమిరి, “ఒళ్లు తెలవకుండా పడి లేచి, అడిగేది తాంబూలమా! అందిందిలే తల్లీ” అంది. చెంగల్రాయుడికి చాలాసేపటి తర్వాత ఊపిరాడింది. “తాంటలం తలకెక్కింది, తాంబూలం తలపుకొచ్చింది” అని గట్టిగా అన్నాడు. నర్సులు కూడా నవ్వారు.

పారిజాతం చెయ్యి దుప్పటి మీద కదిలింది. బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా వచ్చి, మెల్లగా పక్కకు జరిగాయి.

“తాంబూలం అందరికీ అందిందా?”

“అందిందే.”

వేళ్లు మళ్లీ దగ్గరికొచ్చి, మళ్లీ పక్కకు జరిగాయి. ఆకు తుడుస్తోంది. ఆకు లేదు.

చెంగల్రాయుడి నవ్వు నోట్లోనే ఎండిపోయింది. మత్తు ఇంకా దిగలేదేమో అంది డాక్టరమ్మ. అవునవును మత్తే అన్నాడతను. ఎన్నోసారో అయ్యేసరికి వరండాలో నవ్వేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

*

తెల్లవారి పారిజాతాన్ని కుర్చీలో ల్యాబుకు తెచ్చారు. ఉద్వాసన చెప్పాలి, ఆమె లేకుండా చెప్పడానికి ఎవరికీ మనసు రాలేదు. నిన్న తాంబూలం అందుకున్న ఆడవాళ్లందరూ వచ్చారు. డాక్టర్ జబీన్ వచ్చింది. అయ్యవారు అక్షింతలు వేసి, పళ్లెం కొంచెం కదిపి, “ఇక తీసుకోవచ్చు నాయనా” అన్నాడు.

పెంచలయ్య త్రాసు మీద దండ తీశాడు. గాజు తలుపు తెరిచాడు. మిగిలిన అయిదు మెట్టెలనూ కడిగి, ఒక్కొక్కటే తూచాడు. తూచినవాటిని రెండు కుప్పలు చేశాడు. బరువైనవి మూడు. తేలికైనవి రెండు.

మళ్లీ తూచాడు. త్రాసు మాట మార్చలేదు.

“సార్...” పెంచలయ్య బరువైన కుప్పను ముందుకు జరిపాడు. “తాంటలం మూడూ ఈడనే ఉండాయి. అన్నిటికీ పసుపు ఎక్కించింది నేను సార్. నా చేతులు ఇరగ.”

“ఏందంటా?” అంది ఆదెమ్మ. “ఏంది ఈడనే ఉండాయి? అల్లుడూ, ఏం జరిగింది?”

అందరూ చెంగల్రాయుడి వైపు తిరిగారు. అతను చెప్పాలి. ఆదెమ్మకు చెప్పాలంటే అరిచి చెప్పాలి. ఎప్పుడూ అరవడానికి ఉబలాటపడే గొంతు అతనిది. ఆమె ఎడమచెవి దగ్గరికి వంగాడు.

“అత్తా! రెండు రకాల లోహాలు! ఒకటి తాగి వదిలేస్తాది, ఒకటి తాగి వదలదు! చూస్తే రెండూ ఒకటే! నిన్న రెంటికీ పసుపు రంగే!”

“ఊఁ.”

“పెంచలయ్య తూస్తానన్నాడు! నేనే చెయ్యి పట్టుకున్నా! ఆమె తలమీద వేసిన ఒట్టు తప్పితే ఆమెకేమన్నా అవుతాదని భయపడినా! చేత్తో చూసి, గంధం బరువును లోహం బరువనుకున్నా! వదిలేది పెట్టాల్సింది, వదలంది పెట్టినా!”

గోడౌను గోడలు ఆ మాటలను ఇంకోసారి చెప్పాయి. వీధి గుమ్మంలో నిలబడినవాళ్లకు కూడా స్పష్టంగా వినిపించింది. ఆదెమ్మకు ఈసారి ఒక్క అక్షరం తప్పు పోలేదు.

“అయితే... నా బిడ్డ?”

“నిన్న తాంబూలాలిచ్చిన ఆ పూటలోనే ఉండాది అత్తా. ఆకులు తుడుస్తుండాది. ఇంక ఆడనే ఉంటాది.”

“తీసెయ్యి!” ఆదెమ్మ అల్లుడి చొక్కా పట్టుకుంది. “ఆ పాడు ఇనుపముక్క తీసెయ్యి! డాక్టరమ్మా, నువ్వన్నా చెప్పు!”

డాక్టర్ జబీన్ తల అడ్డంగా ఊపింది. పెంచలయ్య పెరటి వైపు చూశాడు. అక్కడ మరుపమ్మ హాయిగా మట్టి గీరుకుంటోంది. దాని పక్కన ఖాళీ. ఆ ఖాళీ సంగతి వీధి అందరికీ తెలుసు. చెంగల్రాయుడు ఇక వివరించనక్కర్లేకపోయింది.

ఆదెమ్మ చొక్కా వదిలేసింది. వక్కాకు పళ్లెంలోంచి నిన్నటి తమలపాకొకటి తీసి, కూతురి ముందు కూర్చుని, ఆ కదిలే వేళ్ల మధ్య పెట్టింది. ఖాళీగా ఎందుకని.

వేళ్లు విడివడ్డాయి. ఆకు జారి ఒళ్లో పడింది. పారిజాతం దాన్ని చూడలేదు. వేళ్లు మళ్లీ దగ్గరికొచ్చాయి, గాలిని మెత్తగా తుడిచాయి.

“తాంబూలం అందరికీ అందిందా?”

చెంగల్రాయుడు కుర్చీ పక్కన మోకాళ్లమీద కూర్చున్నాడు.

“అందింది పారిజాతం” అన్నాడు. ఆ మాటను ఏ వైపూ మెలిపెట్టలేదు. ఆమె చెయ్యి ఇంకో ఆకు కోసం పక్కకు పోయింది.